బొగ్గుట్ట మీద ఎండ పంట

పాల్వంచ. 2024 ఆగస్టు 5.

ఎనిమిది కూలింగ్ టవర్లు. దశాబ్దాలుగా ఆ ఊరికి అవే ఆనవాలు. కొత్తగూడెం నుంచి వచ్చే బస్సులో కునికిపాట్లు పడేవాళ్లు కూడా దూరాన అవి కనిపించగానే లేచి సంచులు సర్దుకునేవాళ్లు. ఆ రోజు మాత్రం పేలుడు పదార్థాల ధాటికి అన్నీ కొద్ది క్షణాల్లోనే నేలకూలాయి. మిగిలింది ధూళి మేఘం ఒక్కటే.

1966లో మొదలైన పాత కేటీపీఎస్ యూనిట్లవి. 720 మెగావాట్లు. కిన్నెరసాని నీళ్లు తాగి, సింగరేణి బొగ్గు తిని ఊళ్లకు వెలుగిచ్చాయి. ఆయుష్షు తీరడంతో 2020 నాటికి మూతపడ్డాయి.

మరి బొగ్గు కథ కంచికి చేరినట్టేనా? తొందరపడొద్దు! అదే ప్రాంగణంలో 2018లో 800 మెగావాట్ల ఏడో దశ మొదలైంది. మిగతా దశలతో కలిపి ఇప్పటికీ అక్కడి సామర్థ్యం 1800 మెగావాట్లు. పాత పొగ పోయింది, కొత్త పొగ వచ్చింది. అసలు మార్పు చూడాలంటే ఇల్లెందు వెళ్లాలి.

రాళ్లు మండిన చోటు

ఇల్లెందుకు ఇంకో పేరు బొగ్గుట్ట. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో పొయ్యి పెట్టుకుంటే రాళ్లే అంటుకున్నాయట! ఇక్కడ తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. చరిత్ర ప్రకారమైతే 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి మొదలైంది. డోర్నకల్ నుంచి రైలు పట్టాలు వచ్చిందీ ఈ నల్లరాయి కోసమే. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు మీద 1920 డిసెంబరు 23న కంపెనీ ఏర్పడింది. నేటికీ ఏటా ఆ రోజున గనుల ఊళ్లన్నీ సింగరేణి దినోత్సవం జరుపుకొంటాయి.

తట్టా చెమ్మస్ పట్టుకుని బాయిలోకి దిగిన కుటుంబాలతో ఊరు పెరిగింది. సైరన్ మోతే గడియారం. షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కోసం హోటళ్లు తెల్లవారకముందే తెరిచేవాళ్లు. ఆ తరవాత కొత్తగూడెం, మణుగూరు, రామగుండం పెద్దవయ్యాయి. పుట్టిల్లు ఇల్లెందు చిన్నదైపోయింది. భూగర్భ గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. వాటి చోట ఓసీలు వచ్చాయి, మట్టి గుట్టలు లేచాయి.

కింద బొగ్గు... పైన అద్దాలు

ఆ బొగ్గుట్టలోనే ఇప్పుడు 39 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. వరసలు వరసలుగా నీలం పలకలు. పొగ లేదు, బూడిద లేదు, చప్పుడూ లేదు. సింగరేణి మొత్తం 300 మెగావాట్ల సౌర విద్యుత్ లక్ష్యంగా పెట్టుకుంది. మణుగూరులో, రామగుండంలో, మందమర్రిలో ఇలాంటి కేంద్రాలే వెలిశాయి. జైపూర్‌లో అయితే బొగ్గుతో నడిచే 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం జలాశయం మీదే పలకలు తేలుతుంటాయి. ఇందులో ఓ తమాషా ఉంది. బొగ్గు తవ్వే కంపెనీ తన గనులకయ్యే కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి సూర్యుణ్ని నమ్ముకుంది!

అలాగని తవ్వకం తగ్గలేదు. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు దాదాపు 7 కోట్ల టన్నులు. కారణం తెలిసిందే. పలకలు పగలే పనిచేస్తాయి. చీకటిపడ్డాక ఇళ్లలో ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీలైనా ఉండాలి, బొగ్గైనా మండాలి. 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో భారత్ ప్రకటించింది. కానీ దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో సింహభాగం ఇంకా బొగ్గుదే.

ఎండకు షిఫ్టుల్లేవు

పొగ లేకపోవడం అందరికీ ఇష్టమే. ఊరివాళ్ల బెంగ వేరే. బాయి ఉంటే మూడు షిఫ్టులు, వందల మందికి పని. సౌర కేంద్రానికి పలకలు కడిగేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. 1990 ప్రాంతంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. యంత్రాలు, ఓసీలు చాలామటుకు తగ్గించేశాయి. మిగిలినవాటి సంగతేమిటన్నదే ప్రశ్న.

ఎందుకంటే ఇక్కడ ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు. క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, తండ్రి తరవాత కొడుక్కి వచ్చే కొలువు, దసరాకు లాభాల్లో వాటా. 2024లో ఆ వాటా 33 శాతం. ఆ డబ్బు చేతికొచ్చిన వారం గనుల ఊళ్లలో బట్టల కొట్లూ, బంగారం కొట్లూ కిటకిటలాడతాయి. బాయి మూతపడితే తాళం పడేది దానికొక్కదానికే కాదు. గనులు మూతపడి, ఆఫీసులు తరలిపోతే ఊరు ఎలా చిక్కిపోతుందో బెల్లంపల్లి ఇప్పటికే చూసింది.

బొగ్గు ఎప్పటికైనా అయిపోయేదే. ఆ సంగతి దిల్లీ పెద్దల కన్నా ముందు గనికార్మికులకే తెలుసు. సౌర పలకలు వచ్చినందుకు వాళ్లకు కోపం లేదు. ఆ పలకల కింద తమ పిల్లలకూ కాస్త నీడ దొరకాలంటారు, అంతే.

నూట ముప్ఫై ఏళ్ల కిందట ఈ నేల రైలింజన్లకు నిప్పునిచ్చింది. ఇప్పుడు ఎండను పట్టి కరెంటు చేస్తోంది. వెలుగు ఎటూ దూరాలకు వెళుతుంది. అందులో బొగ్గుట్ట వాటా ఎంతన్నది ఇంకా తేలాల్సిన లెక్క.