టీముకి సంబంధాలు

మా ఇంట్లో పెళ్ళీడు పిల్లలెవరూ లేరు. ఉన్న ఒక్క సుపుత్రుడూ ఇంజనీరింగు రెండో ఏడు వెలగబెడుతున్నాడు. అయినా సరే, 2024 వేసవిలో ఆదివారం వచ్చిందంటే చాలు, మా ముందుగదిలో సంబంధాల గొడవే!

"వాళ్ళకి ఆస్తి బాగానే ఉందిరా, మంచి కుటుంబం కూడానట."

"ఉంటే ఏం లాభం? పైసా తియ్యరు."

"అప్పులున్నాయని తెలిస్తే ఎవరు ముందుకొస్తారు? ముందు ఆ సంగతి తేలాలి."

వంటింట్లో పకోడీలు వేయిస్తూ చెవులు అటే పడేశాను. ఎవరి అమ్మాయి చెప్మా! అప్పులున్న తండ్రి ఎవరో పాపం! ఆగలేక, పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, "ఎవరికిరా అబ్బాయ్, సంబంధాలు చూస్తున్నారు?" అన్నాను.

మావాడూ, వాడి నలుగురు స్నేహితులూ ఒక్కసారి నావైపు చూసి పకాలున నవ్వారు.

"సంబంధాలేమిటమ్మా! మా టీముని ఎవరు కొంటారా అని చూస్తున్నాం."

మీలో చాలామందికి క్రికెట్టంటే తెలుసు. ఫుట్‌బాల్ సంగతి తెలియకపోతే అది మీ తప్పు కాదు. నాకూ తెలియదు, మావాడు కడుపున పుట్టకపోతే. హైదరాబాద్ ఎఫ్.సి. అని మా ఊరికి ఒక టీము వచ్చింది, 2019లో. అప్పుడు వాడు తొమ్మిదో తరగతి. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియంలో మొదటి ఆట కేరళవాళ్ళతో. వీడు పసుప్పచ్చ చొక్కా వేసుకుని వెళ్ళి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. ఆ ఆట గెలిచారు కానీ, ఆ ఏడు మొత్తానికి ఆఖరి స్థానంలో నిలిచారు. ఆఖరున వచ్చిన టీము కోసం అన్నం మానేసినవాడిని నేను మా వంశంలో చూడలేదు.

తరవాత రోజులు తిరిగాయి. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. మళ్ళీ ఆ కేరళవాళ్ళే. ముందు వాళ్ళే గోలు కొట్టారు. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా మనవాళ్ళు సమం చేశారు. చివరికి పెనాల్టీలు. మన గోలీ కట్టిమణి మూడు బంతులు ఆపాడు! కప్పు మనదే. ఆ రాత్రి మావాడు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. మావారు "నడుం జాగర్తోయ్" అన్నారు, నా నడుమో వాడి నడుమో చెప్పలేదు.

అంత వైభవమూ రెండేళ్ళు నిలవలేదు. 2023-24లో డబ్బు కటకటలాడింది. ఆటగాళ్ళకి జీతాలు సరిగా అందలేదు. పేరున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు. మళ్ళీ ఆఖరి స్థానం. పాత యజమానులు అమ్ముకుంటారన్న కబురు వచ్చింది. అదీ సంగతి, ఆదివారం సభలకి కారణం.

సంబంధాలు చూసే పద్ధతి అందరికీ తెలిసిందే కదా. ఆ పద్ధతి ఏమాత్రం తప్పకుండా నడిపించారు మా కుర్రాళ్ళు. ఒకడు మందుల కంపెనీ సంబంధం తెచ్చాడు. "హైదరాబాదు నిండా మందుల కంపెనీలే కదా, ఒక్కరికైనా మనసు కరగదా?" అని వాడి ఆశ. ఇంకొకడు కంప్యూటర్లవాళ్ళు నయమన్నాడు. మూడోవాడు సినిమావాళ్ళ పక్షం.

"సినిమావాళ్ళా! 2016లో మన చిరంజీవి, నాగార్జున కలిసి సచిన్‌తో పాటు కేరళ టీములో వాటా కొన్నారు, తెలుసా? అప్పుడు మనకి టీమే లేదు. అటుపోయారు" అన్నాడు మావాడు, మేనరికం తప్పిపోయినట్టు మొహం పెట్టి.

"అరబ్బు షేకు దొరికితే?" అన్నాడు నాలుగోవాడు. వాడి చూపెప్పుడూ విదేశీ సంబంధాల మీదే. ఇంగ్లండులో మాంచెస్టర్ సిటీని అబుదాబివాళ్ళు 2008లో కొన్నారుట. ఆ జట్టు కంపెనీయే 2019లో మన ముంబయి టీములోనూ పెద్ద వాటా తీసుకుందిట. "ముంబయిని చూసుకున్నవాళ్ళు మనని చూసుకోరా?" అని వాడి వాదన. ఆ రోజు పకోడీలు ఎక్కువ తిన్నది వాడే.

ఇంత సేపూ మాట్లాడకుండా కూచున్న కళ్ళజోడు కుర్రాడు మెల్లిగా అన్నాడు: "ఎవరో ఎందుకు కొనాలి? స్పెయిన్‌లో బార్సిలోనా టీముకి యజమాని అంటూ ఒక్కడు లేడు. లక్షకు పైగా సభ్యులు, వాళ్ళే యజమానులు. వాళ్ళే ఓట్లేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. మనమూ అలా కొనుక్కోకూడదూ?"

అంటే చిట్టీ అన్నమాట! నాకు ఉత్సాహం వచ్చింది. చిట్టీల లెక్కలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. స్టేడియం నిండితే ముప్ఫయి వేలమంది దాకా పడతారన్నారు. మనిషికి వెయ్యి చొప్పున వేసుకుంటే మూడు కోట్లు. "మరింకేం!" అన్నాను. మావాడు జాలిగా చూశాడు. టికెట్ల మీద వచ్చేది జీతాలకు ఏ మూలకీ రాదుట. ప్రయాణాలు, మైదానం అద్దె, విదేశీ ఆటగాళ్ళ ఖర్చులు... ఏటా పోసేవాడు ఒకడుండాలట. మూడు కోట్లు మూణ్ణాళ్ళ ముచ్చటేనట. అంత ఖర్చుపెట్టి లాభం లేని వస్తువుని ఎవడైనా ఎందుకు కొంటాడో నాకు అర్థం కాలేదు.

మా మామయ్యగారికి ఎనభై దాటాయి. అంతవరకు పేపరు చదువుతున్నట్టే ఉన్న ఆయన కళ్ళజోడు తీశారు.

"మా చిన్నప్పుడు ఈ కొనడాలు లేవురా. సిటీ పోలీసు టీము ఉండేది. 1950 నుంచి 54 దాకా, వరసగా అయిదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు పట్టుకొచ్చారు. రహీం సాబ్ కోచి. ఆయన మొదట బడిపంతులు. 1956 ఒలింపిక్సులో ఇండియా నాలుగో స్థానం వచ్చిందన్నా, 1962 జకార్తాలో బంగారు పతకం వచ్చిందన్నా ఆయన చలవే. మరుసటేడు పోయాడు పాపం. పోలీసు టీముకి జీతం సర్కారుది, ఊరు మనది. పోలీసులని ఎవడన్నా కొంటాడుట్రా?"

"ఇప్పుడైతే కొంటారు తాతయ్యా" అన్నాడు నాలుగోవాడు. వాడికి ఇంకో పకోడీ పెట్టలేదు నేను.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నా పెళ్ళిచూపుల నాడు తెనాలిలో మా నాన్న, బాబాయిలు కలిసి వీళ్ళ జీతమెంత, పొలమెంత, సొంతిల్లా అద్దిల్లా అని గంటసేపు తర్కించారు. అమ్మ తలుపు వెనకాల నించుని ఒక్కటే అడిగింది: "పిల్లని ఏ ఊరు తీసుకెళతారుట?" అందరూ విసుక్కున్నారు. ఆవిడకి మాత్రం అన్నిటికన్నా అదే పెద్ద సంగతి.

పళ్ళెం తీస్తూ నేనూ అదే అడిగాను. "కొన్నవాడు దీన్ని ఇక్కడే ఉంచుతాడా అబ్బాయిలూ?"

మళ్ళీ నవ్వు! "ఆంటీ, టీము పేరులోనే హైదరాబాదుంది కదా, ఎక్కడికి తీసుకుపోతాడు?" అన్నాడు కళ్ళజోడు కుర్రాడు. నిజమే కాబోలనుకుని లోపలికి వెళ్ళిపోయాను. పేరుదేముంది, మా అమ్మాయిల ఇంటిపేర్లు ఒక్కరోజులో మారిపోవూ! ఆ మాట తోచలేదు నాకప్పుడు.

సెప్టెంబరులో సంబంధం కుదిరింది. బి.సి. జిందాల్ గ్రూపు కొన్నారన్నారు. "ఏ జిందాలు?" అని మళ్ళీ ఒక సభ. బెంగుళూరు టీము నడిపే జె.ఎస్.డబ్ల్యు. వాళ్ళూ జిందాలులేనట, కానీ వీళ్ళు వేరట. ఏ సుబ్బారావుగారు అని మనం ఆరా తీసినట్టే తీశారు. ఢిల్లీవాళ్ళని తేలింది. ఉక్కు వ్యాపారం, గట్టి కుటుంబం. అందరూ సంతోషించారు. నేను సేమ్యా పాయసం చేశాను.

ఒక ఏడాది గడిచింది. 2025 అక్టోబరులో ఒక సాయంత్రం మావాడు వచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో కూచున్నాడు.

"టీముని ఢిల్లీ తీసుకెళ్ళిపోతున్నారమ్మా. పేరు కూడా మార్చేశారు. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట."

నేనేమీ అనలేదు. "చెప్పానా?" అనే మాట నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ కుర్రాడు గడపలో కూచుని కళ్ళు తుడుచుకుంటుంటే ఆ మాట ఏ తల్లి అంటుంది?

తరవాత విడమరిచి చెప్పాడు. ఈ పోటీలో కొనేవాడికి దక్కేది ఆడే హక్కు. అదొక కాయితం. ఊరు, మైదానం, గొంతు పోగొట్టుకున్న పిల్లలు, ఇవేవీ ఆ కాయితంలో ఉండవు. డబ్బు పెట్టినవాడిని తప్పు పట్టగలమా? మునిగిపోయేదాన్ని ఒడ్డుకు చేర్చినవాడు తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఇది ధర్మం కాదనీ అనలేను, ధర్మమనీ ఒప్పుకోలేను.

"మరి 2019లో మనకి ఎలా వచ్చిందిరా ఇది?" అన్నాను, ఊరుకోబెట్టడానికి.

మావాడు తలెత్తాడు. కాసేపు పలకలేదు.

"పుణే టీము డబ్బుల్లేక మూతపడితే, దాని స్థానం మనవాళ్ళు తీసుకున్నారు. ఆటగాళ్ళు కూడా చాలామంది వాళ్ళే."

"ఢిల్లీకి అసలు టీమే లేదా మరి?"

"ఉండేదమ్మా, డైనమోస్ అని. ఆ ఏడే దాన్ని ఒరిస్సా తీసుకుపోయారు."

కుండమార్పిడి అనుకుందామంటే అదీ కాదు. పుణే పిల్ల మన ఇంటికొచ్చింది, ఢిల్లీ పిల్ల భువనేశ్వరం వెళ్ళింది, ఇప్పుడు మన పిల్ల ఢిల్లీకి పోయింది. మన గడపలోకి కోడలు అడుగుపెట్టిన రోజున వాళ్ళింట్లో ఎంత చిన్నబోయారో మనకెవరికి గుర్తుంటుంది? 2019లో మావాడు పసుప్పచ్చ చొక్కా కొనుక్కున్నప్పుడు పుణేలో ఏ పిల్లవాడో తన చొక్కా మడిచి పెట్టెలో పెట్టుకుని ఉంటాడు. వాళ్ళమ్మ వాడి పక్కన ఇలాగే కూచుని ఉంటుంది. ఆ సంగతి ఆ రోజున నాకు తట్టలేదు. నేను పాయసం చేసే హడావుడిలో ఉన్నాను.

నెల తిరిగేసరికి మళ్ళీ ఆదివారం సభలు మొదలయ్యాయి. కుర్రాళ్ళు కదా, ఎంతకాలం ఏడుస్తారు! ఈసారి చర్చ వేరు. ఫలానా ఊరి టీముకి అప్పులున్నాయట, మన హైదరాబాదువాళ్ళెవరైనా కొని ఇటు తీసుకొస్తే బాగుండునని.

పకోడీల పళ్ళెం బల్లమీద పెట్టి అన్నాను: "తెండి నాయనా, తప్పకుండా తెండి. తెచ్చేముందు మాత్రం, ఆ ఊళ్ళో మీవంటి కుర్రాళ్ళు ఏ ఇంటి ముందుగదిలోనో కూచుని ఉంటారు. వాళ్ళనీ ఒక్కమాట అడగండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాలుగోవాడు కూడా పకోడీ చేతిలోనే పట్టుకుని కూచున్నాడు.