నైలాన్ పన్ను

కాలి మిషన్ల కాలంలో మెకానిక్ దగ్గర ఓ నూనెడబ్బా, రెండు స్క్రూడ్రైవర్లు ఉంటే చాలు, ఊరంతా గడిచిపోయేది. ఉషా అయినా మెరిట్ అయినా నల్లటి ఒళ్ళంతా ఇనుమే, లోపల తిరిగేదీ ఇనుమే. నూనె తగ్గితే కీచుమనేది, తోలు బెల్టు సాగితే కాస్త కోసి మళ్ళీ పిన్ను వేసేవాళ్ళు.

కువైట్ మిషన్లు వచ్చాక లెక్క మారింది. రాజంపేట వైపు నుంచి పనికి వెళ్ళినవాళ్ళు సెలవుకొస్తే, పెట్టెల్లో దుప్పట్లు, సెంటు సీసాలతోపాటు అప్పుడప్పుడూ ఓ కరెంటు మిషనూ దిగేది. మా పెద్దమ్మకు ఆవిడ పనిచేసిన ఇంటివాళ్ళు తాము వాడి పక్కన పెట్టినది ఇచ్చారు. జిగ్‌జాగ్ వేసేది, కాజాలు కుట్టేది. అన్నిటికన్నా వింత, పెద్దగా చప్పుడే లేదు.

ఆ నెమ్మదంతా లోపలి గేర్లది. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన నైలాన్, 1960లకల్లా ఇంటి మిషన్ల కడుపులోకి చేరింది. సింగర్ వాళ్ళ టచ్ అండ్ సో మిషన్లలోనూ ప్లాస్టిక్ గేర్లు చేరాయి. మోత తక్కువ, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. ఇందుకు కంపెనీలను తిట్టేవాళ్ళున్నారు గానీ నేను తిట్టను. దారం చిక్కుపడి మిషను బిగుసుకున్నప్పుడు ఏదో ఒకటి విరగక తప్పదంటే, షాఫ్టు కన్నా గేరు విరగడమే నయం. కాకపోతే దానికి వయసు మీద పడుతుంది. రంగు తిరిగి, పెళుసెక్కి, షాఫ్టును పట్టుకునే చోట చీలుతుంది. పాత గ్రీజు గట్టిపడిందా, పళ్ళమీద బరువు ఇంకా పెరుగుతుంది.

పెళ్ళిళ్ళ రోజుల్లోనే పెద్దమ్మ మిషను మొరాయించింది. మోటారు తిరుగుతోంది, సూది ఆడుతోంది, కుట్టు పడడం లేదు. మా ఊరి మెకానిక్ సాయిబు గారు దాన్ని పక్కకు పడుకోబెట్టి అడుగు పలక విప్పారు. టార్చి వెలుగులో బీడీ రంగు చక్రం, రెండు పళ్ళు లేవు, ముక్కలు గ్రీజులో ఇరుక్కుని ఉన్నాయి.

"అక్కా, ఇనుముకేం కాలేదు. పన్ను రాలింది."

"కొత్తది దొరుకుతుందా అన్నా?"

"ఈడ యాడ దొరుకుతుంది? ఆ దేశం నుంచే రావాల."

మరుసటి ఏడు ఎవరి సెలవు పెట్టెలోనో వచ్చింది. జత తెప్పించమన్నది సాయిబు గారే, అరిగిన పాతది కొత్తదాన్ని తినేస్తుందని ఆయన పట్టు. విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు, కిరసనాయిలుతో పాత గ్రీజు కడిగేసరికి పొద్దు వాలింది. అసలు పని ఆ తర్వాత. సూది అట్టడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తిరిగి లేచేసరికి దాని వెనక దారం చిన్న ఉచ్చు పడుతుంది. సరిగ్గా అప్పుడే హుక్ మొన సూది కన్నుకు పిసరంత పైన ఆ ఉచ్చులోకి దూరాలి. ఒక్క పన్ను అటో ఇటో అయినా కుట్టు తప్పుతుంది. చేత్తో చక్రం తిప్పడం, స్క్రూ వదులు చేయడం, జరపడం, మళ్ళీ బిగించడం. అంతసేపూ పలకరిస్తే జవాబుండేది కాదు, టీ చల్లారిపోయేది. చివరికి పాత లుంగీ గుడ్డ మీద ఓ వరస కుట్టి, పైవైపు చూడకుండా తిరగేసి అడుగు కుట్టు చూశారు. గేర్లకు గ్రీజే గానీ నూనె పోయొద్దని పెద్దమ్మకు మరీ మరీ చెప్పి వెళ్ళారు.

ఇప్పుడు అలాంటి గేర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, త్రీడీ ప్రింటర్ మీదా తీస్తున్నారు. మా ఊళ్ళో ఇప్పుడున్న కుర్రాడు బెల్టు వేస్తాడు, మోటారు మారుస్తాడు. గేరు అనగానే కొత్త మిషను ధర చెబుతాడు.