జూన్ 12 లోపు

పాత సర్కారు హైస్కూళ్ళకు మరమ్మతులు చేయించడం నా పని. ఫోను మాత్రం ఎప్పుడూ వానాకాలంలోనే వస్తుంది. తొమ్మిదో తరగతి గది గోడ ఉబ్బిందనో, మేడమీంచి నీళ్ళు బ్లాక్‌బోర్డు మీదికి కారుతున్నాయనో హెడ్మాస్టరుగారు కంగారుపడతారు. చూడ్డానికి అప్పుడే వెళ్తాం. చెయ్యడం ఎండాకాలంలో. ఏప్రిల్ చివర్లో పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక మొదలుపెట్టి, జూన్ 12న బడి తెరిచేలోపు పరంజా విప్పి, సామాను సర్దేసుకోవాలి.

ఈ లెక్క వేసినవాళ్ళకు సున్నం సంగతి తెలియదు. సిమెంటుకు తొందర ఉంటుంది, సున్నానికి ఉండదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. అలా పీల్చుకోవాలంటే పూతలో కాస్త తడి ఉండాలి. మే నెల ఎండకు పైన బిరుసెక్కి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆ తరవాత పగుళ్ళిస్తుంది. అందుకని ప్రతి వేసవిలోనూ గోనెపట్టాలు తడిపి గోడలకు వేలాడదీయడం, పొద్దున్నా సాయంత్రం నీళ్ళు చిలకరించడం, మధ్యాహ్నం పూట పూత పని అసలు పెట్టుకోకపోవడం. బోరులో నీళ్ళు అడుగంటే నెలలో గోడలకు నీళ్ళు పోస్తున్నామని ఊళ్ళోవాళ్ళు ఒకటి రెండు చోట్ల గొడవకు కూడా వచ్చారు. వాళ్ళ కోపంలో తప్పేమీ లేదు.

కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లకు నేను మొదట డ్రాయింగులు చూపించను. హైదరాబాదులో సిటీ కాలేజీకి తీసుకెళ్తాను. మూసీకి దక్షిణపు ఒడ్డున, హైకోర్టుకు దగ్గర్లో, ముస్లిం జంగ్ పుల్ దాటగానే ఉంటుంది. ఇప్పుడది ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. కట్టింది మాత్రం సిటీ హైస్కూలు కోసం. సాలార్‌జంగ్ నిజాం దివానుగా ఉన్న రోజుల్లో పుట్టిన దారుల్ ఉలూమ్ మదరసా దాకా తన మూలాలు చెప్పుకునే బడి అది. ఈ భవనంలోకి వచ్చింది 1921లో. ఆ ఏడే ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఇంటర్మీడియట్ తరగతులు కూడా ఇక్కడ మొదలయ్యాయి. తరవాత కాలేజీ పెరిగి, బడి పేరు వెనక్కు వెళ్ళిపోయింది.

అక్కడ నిలబెట్టి ముందు నది గురించి చెప్తాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. చనిపోయినవాళ్ళు పదిహేను వేల దాకా ఉంటారని అంచనా. మరుసటి ఏడు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ఆలోచనల ఫలితంగానే ఎగువన రెండు జలాశయాలు, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇళ్ళూ మనుషులూ కొట్టుకుపోయిన ఒడ్డుల మీద కొత్త భవనాలు లేచాయి: ఇటు హైకోర్టు, హైస్కూలు, అటు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. వరదలో నూటయాభై మంది ఎక్కి బతికారని చెప్పుకునే చింతచెట్టు ఆ ఆసుపత్రి ఆవరణలోదే.

ఈ మూడు భవనాల వెనకా ఉన్న మనిషి విన్సెంట్ ఎష్. అంతకుముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కట్టడాన్ని పర్యవేక్షించిన ఆర్కిటెక్టు. 1914లో నిజాం కొలువుకు వచ్చాడు. హైకోర్టు నమూనా జైపూరుకు చెందిన శంకర్‌లాల్ గీశాడు, దాన్ని నిలబెట్టే పని ఎష్ చూశాడు. హైస్కూలు, ఆసుపత్రి ఎష్ గీసినవే. గుమ్మటాలు, కొసదేలిన కమానులు, ఛజ్జాలు, వీటి కొలతల వెనక ఇంగ్లండులో నేర్చుకున్న లెక్క. ఇండో సారసెనిక్ అని పుస్తకాల్లో రాస్తారు. మా మేస్త్రీలు నవాబుల కట్టడం అని తేల్చేస్తారు.

నన్ను ఆలోచనలో పడేసే సంగతి వేరే ఉంది. న్యాయమూర్తులు కూర్చునే చోటు చూసుకున్న మనిషినే పిల్లలు కూర్చునే చోటుకూ పెట్టుకున్నారు. ఇవాళ కోర్టు భవనానికి పోటీలు పెట్టి నమూనాలు అడుగుతాం. బడికి మాత్రం ఒక టైపు డిజైను ఉంటుంది. సముద్రపుటొడ్డయినా, ఆదిలాబాదు అడవయినా అదే నాలుగు గదులు, అదే స్లాబు, అదే కిటికీ. నిజాం పిల్లల మీద ప్రేమతోనే ఇదంతా కట్టించాడని నేననను. రాజ్యానికి ఒక ముఖం కావాలి, నది ఒడ్డు దానికి సరైన చోటు. పైగా ఆ మెట్లెక్కగలిగిన పిల్లలు ఎందరు? చాలా పల్లెల్లో బడే లేదు, పై చదువు ఎక్కువగా ఉర్దూలో. తెలుగు చదువుకోవాలన్న తపన 1901లో పెట్టుకున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి చోట్ల తలదాచుకుంది. అయినా ఈ కాలేజీలోనే కవి మఖ్దూం మొహియుద్దీన్ కొన్నాళ్ళు ఉర్దూ సాహిత్యం చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి నిజాం రాజ్యం మీదికే పోరాటానికి వెళ్ళాడు. కట్టించినవాడి ఉద్దేశం ఒకటైతే, ఆ గదుల్లో జరిగేది ఎప్పుడూ ఇంకొకటి.

కుర్రాళ్ళు గుమ్మటాలకు ఫోటోలు తీసుకుంటారు. నేను వరండాలోకి లాక్కొస్తాను. ఆ కాలపు బడుల్లో తరగతి గోడకు నేరుగా ఎండ తగలకుండా వరండా అడ్డుపడుతుంది, జల్లు కూడా గది దాకా రాదు. పైన ఛజ్జా నీడ. గది ఎత్తు ఇప్పటి గదులకు రెండింతల దాకా ఉంటుంది. వేడిగాలి పైకెళ్ళి, తాడు లాగితే తెరుచుకునే వెంటిలేటర్లలోంచి బయటికి పోతుంది. ఫ్యానుల్లేని రోజుల్లో యాభై మంది పిల్లలు మధ్యాహ్నం లెక్కలు చేశారంటే ఇదే కారణం. ఇప్పుడేం చేస్తున్నామంటే, వెంటిలేటరు తాడు తెగిపోతే కొత్తది కట్టం, అద్దం పగిలితే అట్టముక్క అడ్డం పెడతాం, పావురాలొస్తున్నాయని ఇటుకలతో మూసేస్తాం, చివరికి కంప్యూటర్ల గది కోసం ఫాల్స్ సీలింగు వేస్తాం. ఆ తరవాత గది ఉడికిపోతోంది, ఏసీ కావాలి అని అంచనా వస్తుంది. నేను పంపే మొదటి బిల్లులో తప్పకుండా ఉండేవి తాడూ, కప్పీ, చిన్న కళ్ళ ఇనుప జాలీ. ఆ మూడింటి ఖర్చు చూసి అకౌంటెంటుగారు నవ్వుతారు.

ఇక గోడలు. గోడను ముందు చెవితో చూడాలి. సుత్తి పిడితో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి చోట ఒక శబ్దం, బోలు చోట ఇంకో శబ్దం. బోలు పలికినంత మేర సుద్దతో గీత గీస్తాం. ఈ పని నాకు నేర్పింది పాతబస్తీకి చెందిన ఒక పెద్దాయన, మేమంతా చాచా అనేవాళ్ళం. ఇంజనీరింగు కాలేజీలో నాకు సున్నం గురించి చెప్పింది మహా అయితే ఒక పీరియడు. చాచా రాళ్ళసున్నాన్ని గుంటలో తడిపి, పైన నీళ్ళు నిలబెట్టి, వారాల తరబడి వదిలేసేవాడు. నేను తొందరపెడితే ఒకటే మాట.

"సాబ్, సున్నం పండాలె. పండకముందు గోడకెక్కిస్తే రేపు పొక్కులు లేస్తయి. అప్పుడు మీరు నన్నే అడుగుతరు."

నిజమే. సరిగా తడవని సున్నపు పలుకు పూతలో ఉండిపోతే, తరవాతెప్పుడో తేమ తగిలి ఉబ్బి, పూతను గుండ్రంగా రాల్చేస్తుంది. పండిన సున్నాన్ని ఇసుకతోనో ఇటుకపొడితోనో కలిపి గానుగలో నూరితే డంగుసున్నం. కరక్కాయలు నలగ్గొట్టి నానబెట్టిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ కలుపుతారు. నునుపు పూతకు కోడిగుడ్డు తెల్లసొన. గానుగ తిప్పడానికి ఎద్దులు ఇప్పుడెక్కడివి, మోటారు గ్రైండరే. బెల్లం వాసనకు చీమలు వచ్చేస్తాయి, కాపలావాళ్ళ పిల్లలూ వస్తారు. బెల్లం బస్తా బరువు సాయంత్రానికి కాస్త తగ్గినా నేను అడగను.

ఇంత తతంగం ఎందుకు, రెండు బస్తాల సిమెంటుతో అయిపోయేదానికి అని అడగనివాళ్ళు లేరు. పాత రాతిగోడలకు పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరై పోతుంది. కట్టినవాళ్ళు ఆ సంగతి తెలిసే కట్టారు. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఒక జిల్లా కేంద్రంలో, పేరు చెప్పను, చెమ్మ వస్తోందని గోడ కిందిభాగమంతా మూడడుగుల ఎత్తున సిమెంటు పట్టీ వేయించారు. రెండు వానాకాలాలు గడిచాక చెమ్మ పట్టీని దాటుకుని పైకి, సరిగ్గా బోర్డు ఎత్తుకు చేరింది. ఉప్పు తెల్లగా పూసింది. సిమెంటు మాత్రం చెక్కు చెదరలేదు. దాని వెనక పాత సున్నం పిండిలా రాలిపోయింది. ఆ పట్టీ పగలగొట్టడానికి మాకు పట్టిన సమయంలో ఒక గది మొత్తం పూత అయ్యేది. ఉలి పెట్టిన ప్రతిసారీ సిమెంటుతో పాటు రాయి అంచులు కూడా ఊడొచ్చాయి. చాచా ఆ పట్టీ మీద చెయ్యివేసి, "పని మంచిగనే చేసిండు, చెయ్యరాని చోట చేసిండు" అన్నాడు. అంతకన్నా న్యాయంగా నేను ఏ రిపోర్టులోనూ రాయలేదు.

రంగులదీ అదే కథ. గోకి చూస్తే అడుగున సున్నం, అందులో నీలిమందు ఛాయ, దాని మీద పిస్తా ఆకుపచ్చ, మీగడ రంగు, అన్నిటికన్నా పైన తళతళలాడే ప్లాస్టిక్ పెయింటు. పంద్రాగస్టుకు ముందు వెల్ల వేసిన రోజుల్లో గోడ బాగానే ఉంది. కడగడానికి వీలైన పెయింటు వచ్చాకే పెచ్చులు మొదలయ్యాయి. బోర్డులు కూడా ఒకప్పుడు గోడలో భాగమే. నునుపుగా పూసిన పలక, ఏడాదికోసారి బొగ్గు నూరి, ఆకుపసరు కలిపి పిల్లలే పూసేవాళ్ళు.

మేడ గురించి చెప్పకపోతే నా సగం జీతం అబద్ధమవుతుంది. బడి మేడ మీద తూములు మూసుకుపోయేది ఆకులతో కాదు, బంతులతో. టెన్నిస్ బంతులు, రబ్బరు బంతులు, షటిల్ కాక్‌లు, ఒకసారి ఒక చెప్పు. మొదటి వానకు నీళ్ళు నిలుస్తాయి, పావురాల రెట్ట ఎరువవుతుంది, పిట్టగోడ పగులులో రావిమొక్క లేస్తుంది. దాన్ని పట్టి లాగకూడదు. వేరుతోపాటు రాళ్ళు కదిలిపోతాయి. మొదలంటా కోసి, మోడు మళ్ళీ చిగురించకుండా మందు పెట్టి, వేరు లోపలే చచ్చాక సందును సున్నంతో నింపాలి. ఇక ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకులు. వెయ్యి లీటర్ల నీళ్ళంటే టన్ను బరువు. ఇనుప దూలాల మధ్య చిన్న ఇటుక కమానులతో వేసిన పాతకప్పు మీద, ఎక్కడ వీలుంటే అక్కడ మూడేసి ట్యాంకులు పెట్టేస్తారు. దూలం ఎటు పోతోందో చూసి, ట్యాంకును గోడ మీదికి జరపడం ఏ అనుమతీ అక్కర్లేని మరమ్మతు. వెళ్ళిన చోటల్లా ముందు అదే చేయిస్తాను.

పోయిన పనిలో గొడవంతా మెట్ల దగ్గర వచ్చింది. షాబాదు బండ మెట్లు, మలుపు దగ్గర లోపలి అంచున బాగా అరిగిపోయాయి. పిల్లలు కటకటాలు పట్టుకుని దిగుతారు కనక అడుగులన్నీ అక్కడే పడతాయి. కింది రెండు మెట్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, వాటి మీద కాలు పెట్టేవాడు లేడు, అందరూ దూకేవాళ్ళే. పాలిష్ గ్రానైటు వేయించండి, చూడ్డానికి బాగుంటుంది అన్నారు హెడ్మాస్టరుగారు. వానకు తడిసిన కాళ్ళతో ఆరొందల మంది ఒకేసారి దిగే చోట పాలిష్ రాయి వెయ్యనన్నాను. చివరికి మా మేస్త్రీ బండలను ఒక్కొక్కటిగా లేపి తిరగేశాడు. అడుగువైపు ఉలి దెబ్బలు చెక్కినప్పటివి చెక్కినట్టే ఉన్నాయి, కాలికి పట్టు బాగుంది. కొత్త రాయికి పెట్టిన డబ్బు మిగిలితే వెంటిలేటర్లకు మళ్ళించాం.

"మళ్ళీ అరిగితే?" అని అడిగారాయన.

"అప్పుడు రెండోవైపు ఉండదు సార్, కొత్త బండ కొనాల్సిందే" అన్నాడు మేస్త్రీ. "తాండూరులో దొరుకుద్ది."