ఓరుగల్లు ఖిలాలో మొదటి రోజు

పీజీ సీటు వరంగల్‌లో వచ్చినప్పుడు అమ్మీ రెండు షరతులు పెట్టింది. నమాజ్ విడవొద్దు, కాజీపేట దర్గాకు పోయి సలాం చెప్పి రావాలె. అబ్బా మాత్రం, "ఖిల్లా జరూర్ దేఖ్‌కో ఆ బేటా" అన్నడు. మా ఖమ్మంలో కూడా ఖిల్లా ఉంది గానీ, కాకతీయుల రాజధాని చూడాలన్నది ఆయన అర్మాన్. తాను ఎన్నడూ పోలేకపోయిండు.

మొదటి ఆదివారం హాస్టల్ దోస్తుతో కలిసి బయలుదేరిన. బస్సులో వరంగల్ స్టేషన్, అక్కడినుంచి ఆటో. మట్టికోట, రాతికోట దాటి లోపలికి పోతే నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తలుపులు లేని దర్వాజాలు. పైన రాతి హంసలు. నడుమ ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. ఇప్పుడు నేలంతా విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు.

అక్కడ ఒకాయన తన వెంట వచ్చినోళ్లకు చెప్తున్నడు: "తురకలొచ్చి కూలగొట్టిన్రు." నా తలమీద టోపీ ఉంది. ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూసిన్రు. ఎవరూ ఏమనలేదు. కానీ ఆ నజర్ జవాబ్ అడుగుతున్నట్టే ఉంది.

నా దోస్తు కనిపెట్టిండు. "ఏందిరా మొఖం అట్ల పెట్టినవ్? మీ దాదా చేసిండా?"

మా దాదా ఖమ్మంలో బట్టలు కుట్టిండు. నవ్వొచ్చింది.

జరిగింది ఝూట్ కాదు. 1323లో ఢిల్లీ సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ ఈ కోటను గెలిచిండు. ఆయనే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. ప్రతాపరుద్రుణ్ణి ఖైదీగా ఢిల్లీకి తరలిస్తుంటే తోవలనే చనిపోయిండు. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ విరిగిన రాళ్ల నడుమ నిలబడితే నాకు కూడా దిల్ బరువైంది.

కొంచెం దూరంలోనే ఖుష్ మహల్. మందపాటి గోడలు లోపలికి వాలి ఉంటయి, ఎత్తైన కమాన్లు. తుగ్లక్ తరహా ఇమారత్. దీన్ని షితాబ్ ఖాన్ కట్టించిండని చెప్తరు. పేరు చూసి మనోడనుకుంటం. ఆయన అసలు పేరు సీతాపతి, హిందువే.

దీనికి ఉల్టా కిస్సా ఇంకోటి తర్వాత లైబ్రరీలో చదివిన. ప్రతాపరుద్రుని కొలువులోని ఒక తెలుగు నాయకుడు ఢిల్లీ పోయి, ఇస్లాం ఖబూల్ చేసి, మలిక్ మక్బూల్ అయిండు. ఫిరోజ్‌షా తుగ్లక్ జమానాలో ఏకంగా వజీర్, ఖాన్-ఎ-జహాన్. నిజాముద్దీన్ బస్తీలో ఎనిమిది మూలల మఖ్బరా ఆయనదే. ఒక ఓరుగల్లు మనిషి ఢిల్లీ సల్తనత్ నడిపిండన్న మాట. ఇక్కడ ఎవరు మనోళ్లు, ఎవరు పరాయోళ్లని గీత గీసుడు అంత ఆసాన్ కాదు.

మండీబజార్‌లో జుహర్ చదివి, హన్మకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి చూసినం. అసర్ వేళకు కాజీపేట దర్గా చేరినం. హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ వరంగల్ ఖాజీగా ఉండేవారు, 1856లో వఫాత్ అయిన్రు. కాజీపేట పేరులో ఉన్నది ఆ ఖాజీయే. నేను ఫాతిహా చదువుతుంటే, బొట్టు పెట్టుకున్న ఒక అమ్మ పక్కన చంటిబిడ్డ తలను మజార్ దిక్కు వంచుతున్నది. నా దోస్తు చేతి రుమాలు తలకు కట్టుకుని నిలబడ్డడు.

రాత్రి అబ్బాకు ఫోన్ చేసి అన్నీ చెప్పిన, ఆ నజర్ సంగతి కూడా. జర సేపు ఖామోష్ ఉండి, "తోరణం ఎంత ఊంఛా ఉంది?" అని అడిగిండు.

పిల్లల్ని ఖిలాకు తీస్కపోండి. ఉలుగ్ ఖాన్ ఫతహ్ మనది కాదు, దాని గునాహ్ మనది కాదు. ఆ తోరణం మాత్రం ఈ నేలమీద పుట్టినోళ్లందరిది, మన పిల్లలది కూడా. 2014 నుంచి తెలంగాణ సర్కారు ముద్రలో అది చార్మినార్‌తోనే కలిసి ఉంది. ఇది వాళ్లకు ఎవరో చెప్పేలోపు మనమే చెప్పాలె.