ఫోన్ చెప్పింది సరే, ఆ తర్వాత?

అంగన్‌వాడీ కార్యకర్తలు ఒకప్పుడు 11 రిజిస్టర్లతో కుస్తీ పట్టేవారు. బరువులు ఒకదాంట్లో, టీకాలు మరోదాంట్లో, పంచిన సరుకులు ఇంకోదాంట్లో. నెలాఖరుకు అవన్నీ కూడి సూపర్‌వైజర్‌కు అప్పగించేసరికి, ఫలానా బిడ్డ చిక్కిపోతున్నాడన్న కబురు కాస్తా పాతబడిపోయేది. 2018లో పోషణ్ అభియాన్ మొదలయ్యాక వారి చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. దాదాపు 14 లక్షల కేంద్రాలున్న వ్యవస్థలో ఇది చిన్న మార్పేమీ కాదు.

బిడ్డ వయసు, ఎత్తు, బరువు నమోదు చేస్తే చాలు, ఎత్తుకు తగ్గ బరువుందో లేదో ఫోనే లెక్కగట్టి చెబుతుంది. అదివరకు పట్టికలో వేలు పెట్టి వెతుక్కోవాల్సి వచ్చేది. వేలు ఒక గడి పక్కకు జరిగితే తీవ్ర పోషణ లోపమున్న బిడ్డ కాగితం మీద ఆరోగ్యవంతుడైపోతాడు. అలాంటి పిల్లలకు మిగతావారికన్నా ప్రాణాపాయం ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంతవరకు ఫోన్‌కు వంక పెట్టలేం (తూకం యంత్రం సరిగ్గా ఉంటేనే అనుకోండి).

చిక్కంతా ఆ తర్వాతే. పోషణ లోపానికి జబ్బు కూడా తోడైతే బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. సుమారు రెండు వారాలు అక్కడే ఉండాలి. తల్లీ ఉండాలి. పోయిన కూలికి ఎంతో కొంత ఇస్తారనే అనుకున్నా, ఇంటి దగ్గరున్న మిగతా పిల్లలను ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు ఫోన్ తెర మీద గడి లేదు. ఆ తల్లికి నచ్చజెప్పి బస్సెక్కించాల్సింది కార్యకర్తే. ఆమెకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. 2018లో కేంద్రం దాన్ని నెలకు 4,500 రూపాయలు చేసింది. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి.

కార్యకర్తల విసుగు మహారాష్ట్రలో బయటపడింది. 2021 ఆగస్టులో అక్కడ వేలాది మంది ప్రభుత్వమిచ్చిన ఫోన్లను వాపసు చేశారు. మెమరీ చాలక మొరాయిస్తున్నాయని, మరమ్మతుల ఖర్చు తమ నెత్తిన పడుతోందని, కొత్తగా వచ్చిన పోషణ్ ట్రాకర్ ఇంగ్లిష్‌లో ఉందని వారి ఫిర్యాదు. దీన్ని యంత్రం మీద విముఖత అనుకోవడానికి లేదు. వారు అడిగింది పనిచేసే ఫోన్, తమ భాషలో.

ఈలోగా ఫోన్ పనే మారుతోంది. ఇంటికిచ్చే రేషన్‌కు 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. బిడ్డ బరువు చూడటానికి వచ్చిన ఫోన్ తల్లి ముఖాన్ని సరిపోల్చుతోంది. దొంగ పేర్లు ఏరేయాల్సిందే, కాదనలేం. కానీ సిగ్నల్ అందని గూడెంలో ఆ తంతుకు పట్టే సమయం ఇల్లిల్లూ తిరిగే సమయంలోంచే కోతపడుతుంది.

పోషణ లోపమున్న పిల్లల సంరక్షణకు 2023 అక్టోబరులో కేంద్రమే ఇచ్చిన మార్గదర్శకాల్లో 10 మెట్లున్నాయి. ఎదుగుదలను కొలవడం మొదటిది, ఫోన్‌కు బాగా తెలిసిన పని. రెండోది ఆకలి పరీక్ష. దానికి బిడ్డ ముందు గిన్నె పెట్టి, తింటున్నాడా లేదా అని పక్కన కూర్చుని చూడాలి.