సెమిస్టర్ అయిపోయింది, రాయాల్సింది మాత్రం మిగిలే ఉంది



మా డిగ్రీ కాలేజీలో ఈ సెమిస్టర్ ఒక కొత్త పేపర్ చదివాం. సిలబస్‌లో దాని పేరు 'సృజనాత్మక కాల్పనికేతర రచన'. నోరు తిరగక మేమంతా 'నిజం రాసే క్లాసు' అనే పిలుచుకున్నాం. మొన్ననే చివరి క్లాసు అయిపోయింది. మార్కుల సంగతి ఎట్లున్నా, ఆ క్లాసులో దొరికింది మన గ్రూపులో అందరికీ పనికొస్తుందని ఈ పోస్టు పెడుతున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

క్లాసులో రూల్ ఒక్కటే. కథ చెప్పినట్టే రాయొచ్చు. మనుషులు, మాటలు, వాసనలు అన్నీ పెట్టొచ్చు. కానీ జరగనిది ఒక్క ముక్క కూడా కలపకూడదు. తెలియకపోతే పోయి అడగాలి.

మాలో ఒకరు తునికాకు మీద రాశారు. మొదటి కాపీలో 'మా అమ్మవాళ్లు ఎండలో ఎంతో కష్టపడతారు' అని ఉంది. మేడమ్ కాదనలేదు. "కష్టం అని అందరూ రాస్తారు. మీ అమ్మ ఎప్పుడు లేస్తుంది? కట్టకు ఎన్ని ఆకులు? దేంతో కడతారు?" అని అడిగారంతే. రెండో కాపీలో తెల్లవారకముందే అడవికి నడక వచ్చింది. కట్టకు 50 ఆకులు చకచకా లెక్కపెట్టే వేళ్లు వచ్చాయి. నారతో బిగించడం, కల్లం దగ్గర వరుసలో నిలబడడం, కల్లేదారు బాగాలేవని పక్కన పడేసిన కట్టలు వచ్చాయి. 'కష్టం' అన్న మాట ఎక్కడా లేదు. చదువుతుంటే క్లాసంతా సైలెంట్ అయిపోయింది.

మన గురించి ఎవరూ రాయలేదని కాదు. గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1945లోనే వచ్చింది. కానీ అది ఇంగ్లీషులో ఉంది. ఆ కొండల్లో ఆ రోజుల్లో దాన్ని చదవగలిగినవాళ్లు ఎందరుంటారు? ఇంకోపక్క మన డోలి కళాకారులు ఏ కాగితం లేకుండానే కోయల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పాడుతూ వచ్చారు. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. అట్లాంటి ఒక్క పెద్దమనిషి పోతే ఎంత పోతుందో ఆలోచించండి.

క్లాసులో పెద్ద చర్చ జరిగింది మాత్రం ఒక అవ్వ కథ మీద. మా ఫ్రెండ్ వాళ్ల అవ్వ, పోడు భూమి కోసం తను పడ్డ కేసు గురించి రెండు రాత్రులు కూర్చోబెట్టి చెప్పింది. చివర్లో "రాసుకో బిడ్డా, నేను బతికుండగా మాత్రం బయట పెట్టకు" అంది. మేం రాసినవాటిలో అదే అన్నింటికన్నా బాగుంది. క్లాసు పుస్తకంలో వేయాలా వద్దా? పేరు మార్చి వేద్దామని కొందరన్నారు. పేరు మార్చినా ఊర్లో అందరికీ తెలిసిపోతుందని కొందరన్నారు. లోకానికి తెలియాల్సిన కథ కదా అని ఇంకొందరు. చివరికి వేయలేదు. ఒక కాపీ అవ్వ ట్రంకుపెట్టెలోకి పోయింది. మనల్ని అడగకుండా మన గురించి రాశారని ఇన్నేళ్లు అనుకుంటూ వచ్చాం. అదే పని మనమూ చేస్తే, ఇక తేడా ఏముంది?

భాష దగ్గర కూడా గట్టిగానే నిలబడ్డాం. 'పండుం' అని రాసిన చోట 'పండుగ' అని దిద్దనివ్వలేదు. అర్థం పక్క వాక్యంలో తెలిసిపోతుంది. మన మాట మన మాటలాగే ఉండాలి.

ఇప్పుడు సెలవులు. మేం ఒక మాట అనుకున్నాం. ఇంటికి పోయినవాళ్లు ఒక్కొక్కరు ఒక పెద్దమనిషి దగ్గర కూర్చోవాలి. ఫోన్‌లో రికార్డు చేసేముందు అడగాలి. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించాలి. వద్దన్న ముక్క తీసేయాలి. చదువు రానివాళ్లయినా తమ కథ ఎట్లా రాశారో వినే హక్కు వాళ్లకుంది.

మీరూ మొదలుపెట్టండి. రాయడం రాదనుకోకండి. మీ అవ్వ చేతులు ఏం పని చేస్తాయో వరుసగా రాసినా చాలు. వాళ్లు సరేనంటే ఇక్కడ పెట్టండి, అందరం చదువుతాం. వద్దంటే ఇంట్లోనే భద్రంగా దాచండి.

జోహార్.