పాత కంప్యూటరుకు క్రొత్త భాగములు

మా యింట నొక కంప్యూటరు కలదు. దానిని 2012వ సంవత్సరమున కొంటిని. అందలి ప్రాసెసరు ఇంటెల్ కంపెనీవారి మూడవ తరపు కోర్ ఐ3. ర్యాము, అనగా తాత్కాలిక స్మృతి, నాలుగు గిగాబైట్లు. హార్డుడిస్కు 500 గిగాబైట్లు. ప్రధానోపాధ్యాయ పదవి విరమించిన పిమ్మట, భువనగిరి ప్రాంతపు నేతగాండ్రును రైతులును వాడు మాటలను ప్రోగుచేసి దానిలో వ్రాసికొనుచున్నాను. ఆసు, కండె, నాడె, పన్నె మొదలుగా ఇప్పటికి ఆఱువేల మాటలు చేరినవి. వానిని చెప్పిన వృద్ధులలో పలువురు నేడు లేరు. ఆ మాటలు పోయినచో మరల అడుగుటకు మనుష్యులు దొరకరు.

2025 వేసవి నాటికి ఆ యంత్రము తెరచుకొనుటకే అయిదు నిమిషములు పట్టసాగెను. డిస్కునుండి టకటక మను చప్పుడు కూడ వినబడజొచ్చెను. మరమ్మతులు చేయు యువకుడొకడు చూచి, "మాస్టారుగారూ, ప్రాసెసరు పాతబడినది. క్రొత్త యంత్రము కొనుటయే మేలు" అనెను. అతనిని తప్పుపట్టను. కాని పింఛనుతో బ్రతుకువాడు అంత త్వరగా తల యూపలేడు.

డిస్కు చప్పుడు చేయుట అపాయ సూచన. అందుచే భాగముల మాట తరువాత చూతమని, ముందుగా ఆ మాటలన్నిటిని రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించి, ఒకదానిని మా అమ్మాయి యింట నుంచితిని. ఈ పని ముగియక ఎవరును యంత్రపు మూత తీయరాదు.

బాలలారా! చెరువు నిండుగ నున్నను, తూము ఇరుకైనచో పొలమునకు నీరు సన్నగనే పారును. అప్పుడు చెరువు లోతు పెంచిన ఫలమేమి? మా యంత్రమున తూము ఎచ్చట నున్నదో తెలియవలెను. విండోసులో టాస్కు మేనేజరు అను పట్టిక కలదు. దానిని తెరచియుంచి, నిత్యము చేయు పనినే చేయుచు అరగంట గమనించితిని. ప్రాసెసరు నూటికి ఇరువది పాళ్లు మించి పనిచేయుట లేదు. ర్యాము తొంబది పాళ్లు నిండినది. డిస్కు నూటికి నూరు! పాతబడినదన్న ప్రాసెసరు తీరికగ కూర్చున్నది. బరువంతయు డిస్కు మోయుచున్నది.

హార్డుడిస్కులో అయస్కాంతపు పూత గల పలక నిమిషమునకు 7200 మార్లు, అనగా సెకనుకు 120 మార్లు తిరుగును. గ్రామఫోను ముల్లువంటి శీర్షమొకటి పలకను తాకకయే దానిపై తేలుచు, కావలసిన చోటికి జరిగి, ఆ చోటు తన క్రిందికి వచ్చువరకు వేచియుండవలెను. ఇట్టి వెదకులాట కొక్కొక్కదానికి సెకనులో ఇంచుమించు నూరవ వంతు పట్టును. మనకది రెప్పపాటుకన్న తక్కువ. కాని యంత్రము తెరచుకొనుటకు అట్టివి వేలకొలది కావలెను. ఎస్.ఎస్.డి. అను డిస్కులో తిరుగునదేదియు లేదు. సమాచారము చిప్పులలో నుండును; వెదకులాటకు పట్టు కాలము సుమారు నూరు రెట్లు తగ్గును.

ఇంత తెలిసికొని సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు పోయితిని. కంప్యూటరు భాగములకు అది పేరుపడిన చోటు. పోవుటకు ముందు మదర్‌బోర్డు పేరు కాగితముపై వ్రాసికొంటిని. సంధి కుదురుటకు పూర్వపదము చివరి అక్షరమును, పరపదము మొదటి అక్షరమును పొసగవలెను గదా! తెలుగు పండితునికి పోలికలు వ్యాకరణమునుండియే వచ్చును, మన్నింపుడు. మాది హెచ్61 జాతి బోర్డు. దానికి డి.డి.ఆర్.3 ర్యామే తగును. డి.డి.ఆర్.4 పలకకు గాడి వేఱొకచోట నుండును, విద్యుత్తును వేఱు కొలతతో కోరును. ఒక అంగడివాడు ఎన్.వి.ఎం.ఇ. జాతి ఎస్.ఎస్.డి.ని చూపి, "ఇది అయిదారు రెట్ల వేగము గలది" అనెను. నిజమే; కాని దానిని బిగించుటకు మా బోర్డున చోటే లేదు. సాటా తీగతో తగిలించు 240 గిగాబైట్లదానిని తీసికొంటిని. మా బోర్డులోని సాటా మార్గము సెకనుకు 3 గిగాబిట్లే సాగనిచ్చును గనుక, అందులోను మిక్కిలి వెలగలదానిని కోరలేదు. ర్యాము నాలుగు గిగాబైట్ల పలక మరియొకటి, పాతదానికి సమానమైన వేగము గలది, కొంటిని. ఈడుజోడైన ఎడ్లు కట్టిన అరక చక్కగ సాగును. జంట పలకలును అట్లే రెండు మార్గములలో ఒక్కసారి పనిచేయును.

ప్రాసెసరును మార్చలేదు. గ్రాఫిక్సు కార్డు ఊసే లేదు. మాటలు వ్రాసికొనువాని కది యేల? ఆటలాడు బాలుర లెక్క వేఱు. వారు కార్డు వెల అడుగుటకు ముందు తమ పవర్ సప్లై ఎన్ని వాట్లదో చూడవలెను.

అందున్న విండోసు 10కు మైక్రోసాఫ్టువారి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియునని అప్పటికే ప్రకటితము, అట్లే ముగిసినది. విండోసు 11 టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనమును అడుగును; ఇంటెల్ ప్రాసెసర్లలో సామాన్యముగ ఎనిమిదవ తరము మొదలుకొని వచ్చినవానినే అంగీకరించును. పని చేయగల యంత్రమును వయస్సు చూచి గడప బయట నిలుపుట నాకు నచ్చలేదు. వెలలేని లినక్సు మింటును ఎక్కించితిని. తెలుగు అక్షరములు చక్కగ వచ్చుచున్నవి గాని, క్రొత్త పద్ధతికి చేయి అలవడుటకు రెండు వారములు పట్టినది. ఆ చికాకు చిన్నది కాదు.

భాగములను నేనే బిగించితిని. కరెంటు తీగ ఊడదీసి, లోహపు పెట్టెను తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, పండ్రెండేండ్ల దుమ్ము మెత్తని కుంచెతో తుడిచితిని. ఇప్పుడు యంత్రము అరనిమిషములో తెరచుకొనుచున్నది. అయిన వ్యయము క్రొత్త యంత్రపు వెలలో పదవ వంతు. మిగిలిన సొమ్ములో కొంత పెట్టి బయటి డిస్కు నొకటి కొని, ఆఱువేల మాటలను మూడవ చోట కూడ దాచితిని.